పొట్టకూటి పిట్ట

రాతి పళ్లెం గిరగిరా తిరుగుతుంటుంది. గ్రామఫోను ముల్లు ఉండాల్సిన చోట ఒక పిట్ట నిలబడి, పొడుగాటి ముక్కును ఆ పళ్లేనికి ఆనించి పాట పలికిస్తుంటుంది. పాట అయ్యాక ముక్కు పైకెత్తుతుంది. యజమాని వంక చూడదు. తెరకు ఇవతల కూర్చున్న మన వంక తిరిగి, ఏం చేస్తాం, పొట్టకూటికి ఏదో ఒకటి అన్నట్టు ఓ మాట విసిరి మళ్లీ పనిలో పడిపోతుంది. ‘ద ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్ పేరు చెబితే చాలామందికి ఫ్రెడ్ వేసే ‘యాబ్బ డాబ్బ డూ’ కేక గుర్తొస్తుంది. మాకు గుర్తొచ్చేది ఆ పిట్ట.

1960 సెప్టెంబరు 30, శుక్రవారం రాత్రి అమెరికాలో ఏబీసీ చానెల్‌లో మొదలైన ఈ సీరియల్ ఆరు సీజన్లు, 166 ఎపిసోడ్లు నడిచి 1966లో ముగిసింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరే రాత్రి వేళకు అమెరికాలో ఒక కార్టూన్ సీరియల్‌ను వేయడం అదే మొదలు. ఊరి పేరు బెడ్‌రాక్. క్వారీలో డైనోసార్ వీపెక్కి దాన్నే క్రేనులా నడిపే ఫ్రెడ్, నోరు పెద్దది చేసుకోకుండానే అతణ్ని దారికి తెచ్చుకునే భార్య విల్మా, పక్కింటి పొట్టి బార్నీ, అతని ఇల్లాలు బెట్టీ. ‘ద హనీమూనర్స్’ అనే పాత హాస్య సీరియల్‌లోని రెండు కాపురాలనూ తెచ్చి రాళ్ల మధ్య దించారన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మనిషి పుట్టడానికి ఆరు కోట్ల ఏళ్ల ముందే డైనోసార్లు పోయాయి కదా అని సైన్సు మాస్టార్లు గొణిగినా లాభం లేదు. కార్లు, టీవీలు, బౌలింగ్ ఆటలు ఉన్న 1960ల నాటి అమెరికా వీధికే రాతి తొడుగు వేశారు.

అయితే కరెంటు లేదు. ఆ ఒక్క చిక్కు దగ్గరే ఈ కార్టూన్ ప్రతిభ బయటపడింది. కరెంటు చేయాల్సిన పనికల్లా ఒక జీవిని కుదిర్చారు. బుల్లి మామత్ ఒకటి తొండంతో ఇంట్లో దుమ్ము పీలుస్తుంది. స్నానానికి నీళ్లు చిమ్మే తొండం వేరే. సింకు కింద చీకట్లో కూర్చుని ఎంగిలి మెతుకులు మింగేది ఇంకొకటి. కెమెరా పెట్టెలోని పిట్ట ఎదుటివాళ్ల బొమ్మను ముక్కుతో పలక మీద టకటకా చెక్కి బయటికి తోస్తుంది. క్వారీలో పని దిగే వేళకు కూత కావాలంటే ఒకాయన పక్షి తోక పట్టి లాగుతాడు. అది బాధతో వేసిన కేకకే ఫ్రెడ్ సంబరంగా డైనోసార్ తోక మీంచి జారి ఇంటిదారి పడతాడు. మొదటిసారి చూసినప్పుడు ఈ చమత్కారాలకు నవ్వుకుంటాం. పదోసారికి వాటి ముఖాలు కనబడతాయి.

వీటిలో చాలావాటికి పేర్లు లేవు. కనబడేది కొన్ని క్షణాలే. వాటి సణుగుడు ఇంట్లోవాళ్లకు వినబడినట్టే ఉండదు. పెంపుడు డైనోసార్ డీనోకు పేరుంది, గారాబముంది, ఫ్రెడ్ గుమ్మంలో అడుగు పెట్టగానే మీదపడి ముఖమంతా నాకే హక్కుంది. సింకు కిందిదానికి అవేవీ లేవు. ఒకే గడప లోపల ముద్దుచేసే జీవి ఒకటి, చాకిరీ చేసే జీవి ఒకటి ఉంటాయనీ, రెంటి మధ్యా గీత ఎక్కడుందో ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలుసనీ ఆ కార్టూన్‌వాళ్లు అనుకుని తీశారా? నవ్వించడానికే తీసి ఉంటారు. నవ్వుతోపాటు అదీ దొర్లింది.

ఇలాంటిదే ఇంకో ముక్క ఉంది, కాకపోతే కార్టూన్ మధ్యలో వేసిన ప్రకటనలో. తొలి సీజన్లకు డబ్బు పెట్టిన ప్రకటనదారుల్లో విన్‌స్టన్ సిగరెట్లవారు ఒకరు. (ఫ్రెడ్ దమ్ము లాగేవాడంటే ఇవాళ్టి పిల్లలు నమ్మరు.) ఒక ప్రకటనలో విల్మా, బెట్టీ పెరట్లో గడ్డి కోస్తూ, తివాచీ దులుపుతూ తంటాలు పడుతుంటారు. మొగుళ్లిద్దరూ తీరిగ్గా చూస్తుంటారు. పాపం, వీళ్లింత కష్టపడుతుంటే చూడలేకపోతున్నాం అనుకుంటారు. అనుకుని, చూడక్కర్లేకుండా ఇంటి వెనక్కి నడిచి సిగరెట్ ముట్టిస్తారు. అమ్మకానికి రాసిన ముక్కే అయినా, కష్టాన్ని చూడలేనివాడు ముందుగా జరిపేది తన కుర్చీనేనని ఇంత పొట్టిగా చెప్పిన వ్యాసం మాకు తగల్లేదు. 1963లో ఫ్రెడ్ ఇంట్లో పెబుల్స్ పుట్టింది. ఆ రోజుల్లోనే సిగరెట్ తప్పుకుని, ద్రాక్షరసం వచ్చి చేరింది.

బార్నీకి గొంతిచ్చినవాడు మెల్ బ్లాంక్. బగ్స్ బన్నీ గొంతూ ఆయనదే, డీనో అరుపులూ ఆయనవే. 1961 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో కారు ప్రమాదం జరిగి ఆయన రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్నాడు. కొన్ని ఎపిసోడ్లకు డాస్ బట్లర్ బార్నీ గొంతు పలికాడు. బ్లాంక్ తేరుకున్నాక, ఒళ్లంతా పిండికట్టుతో మంచం దిగలేని స్థితిలో ఉండగానే రికార్డింగు సామగ్రి ఇంటికి మోసుకొచ్చారు. మైకు మంచం మీదికి వేలాడదీశారు. తెర మీద బార్నీ ఎప్పటిలాగే ఖిఖిఖి అని నవ్వుతున్నాడు. గ్రామఫోను పిట్టకైతే మన వంక తిరిగి ఒక మాట అనుకునే వీలైనా ఉంది.

తీసినవాళ్లు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. ‘టామ్ అండ్ జెర్రీ’తో ఏడు ఆస్కార్లు తెచ్చిపెట్టినా, 1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగానికి తలుపులు మూసేసింది. టీవీ ఇచ్చే డబ్బుకు ఆ వైభవం కుదరదు. తక్కువ బొమ్మలతో బండి లాగే పద్ధతి పట్టారు. మొండెం కదలదు, తల ఒక్కటే ఆడుతుంది. ఆ అతుకు కనబడకుండా కాలర్లు, టైలు ఆదుకున్నాయి. ఒంటికి జంతుచర్మమే ఉన్నా ఫ్రెడ్ మెడలో నీలం టై వేలాడేది చూడండి. ఇంట్లో అతను పరుగెత్తితే అదే కిటికీ, అదే కుర్చీ మళ్లీ మళ్లీ ఎదురొస్తాయి. కళాభిమానులు ముఖం చిట్లించుకున్నారు గానీ, ఉన్న బియ్యంతోనే పదిమందికీ వడ్డించే ఇల్లాలి ఒడుపు మాకు అందులో కనిపిస్తుంది. ఈ గీతల చాకిరీ మనవాళ్లకూ కొత్త కాదు. 2008లో పోగో చానెల్‌లో మొదలైన ‘ఛోటా భీమ్’ పుట్టిల్లు హైదరాబాదే. పరదేశపు స్టూడియోల కోసం ఫ్రేము తర్వాత ఫ్రేము సిద్ధం చేసే పిల్లలు ఆ నగరంలో ఏళ్లుగా ఉన్నారు. చివర్లో వాళ్ల పేర్లు వచ్చేసరికి మన చేయి రిమోట్ మీద ఉంటుంది.

హన్నా-బార్బెరా 1962లో ‘ద జెట్సన్స్’ అని ఎదురు బొమ్మ కూడా చూపించారు. అది రాబోయే కాలం. అన్నిటికీ బటన్లే. వాటిని నొక్కీ నొక్కీ వేళ్లు నొప్పెడుతున్నాయని అక్కడివాళ్ల మూలుగు. ఇప్పుడు మనకు బటనూ అక్కర్లేదు, నోటితో చెబితే పాట పెట్టే డబ్బా వచ్చింది. అది విసుక్కోదు. బెడ్‌రాక్‌లో పరికరాన్ని ప్రాణిగా గీశారు. మన ఫోన్‌లో భోజనం తెచ్చే కుర్రాడు పటం మీద కదిలే బుల్లి స్కూటర్. వానకు ఏ గుమ్మం కింద నిలబడ్డాడోగానీ, స్కూటర్ ఆగిందని మనం విసుక్కుంటాం.

రాతియుగం మన వంటింటికి మరీ దూరమేమీ కాదు. రుబ్బురోలు, సన్నికల్లు, తిరగలి నిన్నమొన్నటి సంగతి. తిరగలి తిప్పిన చేతులు ఆ చప్పుడుకే పాటలు కట్టుకున్నాయి. ఏరువాక పున్నమికి ఎద్దు కొమ్ములకు రంగులు పూస్తాం, మర్నాడు మళ్లీ ములుగర్ర అందుకుంటాం. దసరాకు కుట్టుమిషన్ కూడా బొట్టు పెట్టించుకుంటుంది. ఇక సంక్రాంతి ముందు, గారెలకు నానబెట్టిన మినప్పప్పు మూడో వాయి తిరుగుతుండగా మిక్సీ దగ్గర కాలిన వాసన వస్తుంది. పక్క గదిలోంచి పెద్దావిడ గొంతు: “వేడెక్కిపోయిందే పాపం, కాసేపు ఆపు దాన్ని.”