చిత్రరంగమున నిజపు తూటా

చలనచిత్రములో తుపాకి దెబ్బకు కూలినవాడు సాయంకాలమునకు లేచి యింటికి పోవును. ఈ నమ్మకము మీదనే ఆ వృత్తి నడచుచున్నది. 2021 అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున, శాంటా ఫే పట్టణ సమీపమున, ఆ నమ్మకము వమ్మయ్యెను. “రస్ట్” అను చిత్రమునకై అభ్యాసము జరుగుచుండగా నటుడు అలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వరు ప్రేలి, ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించెను. దర్శకుడు జోయెల్ సౌజా గాయపడెను.

అందు ఉండవలసినవి డమ్మీ తూటాలు. చూపునకు అవి నిజమైన వానివలెనే యుండును గాని లోపల మందుండదు. కొన్నిటిలో చిన్న ఉక్కుగుండు వేసెదరు. చెవియొద్ద నూపిన గలగలలాడును. కొన్నిటికి ప్రక్కన రంధ్రముండును. ఆరు తూటాలను తీసి యొక్కొక్కటిగా ఊపి చూచుటకు ఎంత కాలము పట్టును? తానన్నిటిని పరీక్షింపలేదని సహాయదర్శకుడే యొప్పుకొనెను.

ఆయుధములు చూచు ఉద్యోగినికి 2024లో 18 నెలల శిక్ష పడెను. ఆ యేటనే జులైలో బాల్డ్విన్ పై అభియోగమును న్యాయమూర్తి కొట్టివేసెను. ప్రభుత్వపక్షము తూటాలకు సంబంధించిన సాక్ష్యమును ప్రతివాదికి చూపకపోవుటయే అందులకు కారణము. న్యాయవాదవృత్తిలో నున్నవారము గావున ఆ తీర్పును మేము తప్పుపట్టజాలము. కాని తుపాకి పట్టిన చేతికి బాధ్యత కలదా లేదా యను ప్రశ్నకు జ్యూరీ సమాధానము మాత్రము లేకపోయెను.

నటుడు ఆయుధ నిపుణుడు కానక్కరలేదని అచ్చటి నటుల సంఘము వాదించినది. ఇందు కొంత సత్యము లేకపోలేదు. 1993లో బ్రాండన్ లీ మరణమునకు కారణము, ఒక డమ్మీ తూటా కొన తుపాకి గొట్టములో చిక్కుకొని యుండగా ఖాళీమందు తూటాను పేల్చుట. దానిని కనిపెట్టుట నిపుణుని పని. అయితే తన యెదుట తూటాల నూపి చూపుమని యడుగుటకు ఏ నైపుణ్యము కావలెను?

నిపుణులను నియమించు యజమానుల సంగతి యింతకంటె గొప్ప దోషము. ఆ ఉద్యోగిని చేతనే వారు వేరొక పనియు చేయించుచుండిరి. అంతకుముందే తుపాకులు పొరపాటున ప్రేలిన సంగతి యెఱిగియు తగిన చర్య గైకొనలేదని రాష్ట్ర కార్మిక రక్షణశాఖ తేల్చి, 1,36,793 డాలర్ల జరిమానా విధించెను. తుదకది రాజీలో లక్ష డాలర్లకు దిగెను! ప్రాణమునకు ఖరీదు కట్టుటలోను బేరమాడుట కలదు కాబోలు.

2023లో ఆ చిత్రమునే మాంటానాలో తిరిగి చేపట్టినపుడు, పనిచేయు తుపాకిని గాని ఏ విధమైన తూటాను గాని చిత్రస్థలమునకు రానీయమని నిర్మాతల పక్షమున ప్రకటన వెలువడెను. చిత్రము పూర్తియై ప్రదర్శింపబడెను కూడ. 2023లో సాధ్యమైనది 2021లో ఏల సాధ్యము కాకపోయెనో నిర్మాతలు చెప్పవలసియున్నది.