అమ్మోనియా కొంచెమే.. ముప్పు కొంచెం కాదు

జవహర్‌నగర్‌: పాలు, ఐస్‌క్రీం, మాంసం, రొయ్యలు.. పెద్ద ఎత్తున చల్లబరచి నిల్వ చేయాల్సిన సరుకు ఏదైనా పరిశ్రమలు నేటికీ ఎక్కువగా ఆధారపడేది అమ్మోనియా మీదే. చౌకగా దొరుకుతుంది, విద్యుత్తు ఆదా అవుతుంది, ఓజోన్‌ పొరకు హాని చేయదు. వచ్చిన చిక్కల్లా అది విషవాయువు కావడమే. ఉప్పల్‌, నాచారం పారిశ్రామికవాడలు వెలిసిన నాటికి చుట్టూ ఉన్న ఖాళీ స్థలాల్లో నేడు కాలనీలు, పాఠశాలలు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఒక రాత్రి ఘాటైన వాసన ముంచెత్తితే ఎటు వెళ్లాలో జవహర్‌నగర్‌ వంటి కాలనీల వారికి ముందుగా చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? చట్టం చూస్తే సూటిగా జవాబు దొరకదు.

2020 మేలో విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్‌ దుర్ఘటన దేశాన్ని కుదిపేసిన విషయం విదితమే. ఆ వాయువు స్టైరీన్‌. తర్వాత రెండు నెలలైనా తిరగకముందే, జూన్‌ 27న నంద్యాలలోని ఎస్‌పీవై ఆగ్రోలో అమ్మోనియా లీకై జనరల్‌ మేనేజర్‌ మృతి చెందారు. ఆగస్టు 20న చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లి వద్ద హట్సన్‌ డెయిరీలో అమ్మోనియా లీకై మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. ఇవి విశాఖ స్థాయి ప్రమాదాలు కావు. అందుకే త్వరగా మరుగున పడ్డాయి.

అరవై టన్నుల గీత

భోపాల్‌ అనంతరం 1989లో కేంద్రం ప్రమాదకర రసాయనాల నిబంధనలు తెచ్చింది. ఆవరణలో అత్యవసర ప్రణాళిక, ఆవరణ వెలుపల ప్రణాళిక, చుట్టుపక్కల ప్రజలకు సమాచారం.. అన్నీ అందులో ఉన్నాయి. అయితే అమ్మోనియా విషయంలో ఇవి వర్తించేది 50-60 టన్నుల నిల్వ దాటిన చోటనే. ఎరువుల కర్మాగారాలను దృష్టిలో ఉంచుకుంటే ఆ లెక్క సబబే. ఓ మోస్తరు డెయిరీలోనో, శీతల గిడ్డంగిలోనో ఉండేది కొద్ది టన్నులు మాత్రమే. వీధిని ఖాళీ చేయించడానికి అది చాలు గానీ, నిబంధనల గీత దాటడానికి చాలదు. దీనికి తోడు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతితో, విద్యుత్తుతో నడిచే యూనిట్‌ను కర్మాగారంగా లెక్కించడానికి ఉండాల్సిన కార్మికుల సంఖ్య పది నుంచి ఇరవైకి పెరిగింది. నలుగురైదుగురితో నడిచే ఐసు ఫ్యాక్టరీ ఆ లెక్కలోకి ఎలా వస్తుంది? ప్రాణాపాయం ఉన్న పనులకు కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా స్మృతిని వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ అధికారాన్ని ఈ రంగంపై వాడాలి.

నూనె తీసే వేళ

యంత్రం సాఫీగా నడుస్తున్నప్పటి కంటే దానిపై చేయి పడినప్పుడే ముప్పు ఎక్కువ. కంప్రెసర్‌లోని నూనె కొద్దికొద్దిగా వాయువుతో పాటు వెళ్లిపోతుంది. ద్రవ అమ్మోనియా కంటే బరువు కాబట్టి పాత్రల అడుగున చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు కింది వాల్వు తిప్పి తీయాలి. చలికి చిక్కబడిన నూనె ఒక పట్టాన జారదు. హెల్పర్‌ విసిగి వాల్వును మరికొంత తిప్పుతాడు. అడ్డున్న నూనె ఒక్కసారిగా పోగానే వెనకనున్న అమ్మోనియా ఎగదన్నుతుంది. బయటి గాలి సోకిన ద్రవం వందల రెట్ల వాయువుగా మారుతుంది. కళ్లు మూతపడతాయి, ఊపిరాడదు, వాల్వు మూసే వీలుండదు. చేయి తీయగానే తనంతట తానే మూసుకునే స్ప్రింగు వాల్వు, పక్కన తోడుగా ఇంకొక మనిషి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. యాజమాన్యాలకు ఇదేమీ మోయలేని ఖర్చు కాదు. శ్వాస పరికరాలు కొని యంత్రాల గది లోపలే బీరువాలో తాళం వేస్తే మాత్రం ఫలితం శూన్యం. అవి గది బయట, చేతికి అందేలా ఉండాలి.

పది లక్షల వంతుల గాలిలో అయిదు వంతులున్నా దీని వాసన ముక్కుకు తెలుస్తుంది. మూడు వందలకు చేరితే ప్రాణాపాయమే. వాసన ముందే హెచ్చరిస్తుందన్నది నిజమే. కానీ రోజూ కొద్దిగా వాసన వచ్చే చోట దాన్ని పట్టించుకునే వారుండరు. కెనడాలోని ఫెర్నీ పట్టణంలో జరిగింది దాదాపు ఇదే. అక్కడి మంచు క్రీడా మైదానంలో పాత చిల్లర్‌ కారుతున్నట్లు 2017 వసంతంలోనే తేలినా అక్టోబరులో తిరిగి నడిపారు. ముగ్గురు మరణించారు.

లీకైన చోటు నుంచి గాలికి ఎదురుగా, లేదా అడ్డంగా వెళ్లాలి. ముఖానికి తడిగుడ్డ కొంత మేలు చేస్తుంది. కళ్లలో పడితే కనీసం పావుగంట నీటితో కడగాలి. వాయువు మీద నీటి తుంపర చల్లవచ్చు గానీ, నేలపై మడుగు కట్టిన ద్రవం మీద నీళ్లు పోస్తే అది మరింతగా మరిగి పొగలెత్తుతుంది.

కాగా, ఔటర్‌ రింగు రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇతర అవసరాలకు మార్చే విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. యూనిట్లు తరలిపోతే ముప్పు కూడా పోతుందని కాలనీవాసులు అనుకోవచ్చు. మూతపడిన ప్లాంటు గొట్టాల్లో, సిలిండర్లలో మిగిలిన అమ్మోనియా సంగతేమిటి? నగరంలోనే ఫతేనగర్‌లో 2023లో పాత సిలిండర్‌ నుంచి వెలువడిన అమ్మోనియాతో పలువురు అస్వస్థులయ్యారు. భూమి మార్పిడికి అనుమతి ఇచ్చే ముందు యంత్రాల నుంచి వాయువును పూర్తిగా తొలగించినట్లు ధ్రువపత్రం అడగడం అధికారులకు ఒక్క సంతకంతో అయ్యే పని.