స్కోపులో గీతలు: జూమ్ చేస్తే లెక్క మారుతుందా?

మా ఆఫీసులో ఒకాయన ఇక్కడ టెక్సస్‌లో ఏటా జింకల వేటకెళ్తాడు. ఆయన పుణ్యమా అని నాకూ ఆ పిచ్చి అంటుకుంది. రైఫిలు కొనేశాను, స్కోపు దగ్గరే మొదలైంది అసలు గోల. "ఫస్ట్ ఫోకల్ ప్లేనా, సెకండ్ ఫోకల్ ప్లేనా?" అన్నాడు కొట్లో కుర్రాడు. నేను తెల్లమొహం వేశాను.

సంగతేమిటంటే, గురి చూసే గీతల్ని రెటికిల్ అంటారు. జూమ్ చేసే కటకాలకి ముందు పెడితే ఫస్ట్, వెనక కంటివైపు పెడితే సెకండ్. మొదటి దాంట్లో జూమ్ చేస్తే జింకతోపాటు గీతలూ పెద్దవవుతాయి. రెండోదాంట్లో జింకే పెరుగుతుంది, గీతలు అలాగే ఉంటాయి. గూగుల్ మ్యాప్స్‌లో జూమ్ చేస్తే చెరువు పెద్దదవుతుంది గానీ దానిమీది పిన్ను పెరగదు కదా, అలాగన్నమాట.

అయితే ఏంటట అంటారా? దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి దిగుతుంది. దాన్ని సరిచెయ్యడానికి నడి గీత కింద గుర్తులుంటాయి. నా స్కోపులో ఒక్కో గుర్తు ఒక మిల్, అంటే 100 గజాలకి 3.6 అంగుళాలు. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో ఈ లెక్క ఒక్క జూమ్ దగ్గరే నిజం, మామూలుగా ఆఖరి జూమ్ దగ్గర. నాది 3-9 స్కోపు. ఓసారి రేంజిలో జూమ్ 4.5 మీద ఉందని చూసుకోకుండా, 300 గజాల దూరంలోని కాగితం మీదికి మొదటి గుర్తుతో కాల్చాను. జూమ్ సగమైతే గుర్తు విలువ రెట్టింపు! 10.8 అంగుళాలు అనుకున్నది 21.6 అయ్యింది. తూటా దాదాపు అడుగు పైన తగిలింది. కాగితం కాబట్టి నవ్వుకున్నాం. జింకైతే? తప్పిపోతే దాని అదృష్టం, వీపు చీరుకుపోతే పొదల్లో ఎక్కడో పడి నరకయాతన పడేది.

మరి ఖరీదెక్కువైనా మొదటి రకమే కొనాలా? అక్కర్లేదనే నేనంటాను. జింకలు బయటికొచ్చేది తెల్లారగట్ల, మునిమాపున. ఆ మసక వెలుతురులో తక్కువ జూమ్ పెడితే మొదటి రకం గీతలు సన్నబడి కొమ్మల్లో కలిసిపోతాయి. పైగా అడవిలో 100, 150 గజాల్లో కాల్చేది నడి గీతతోనే. దానికి ఏ జూమైనా ఒకటే.

కాకపోతే ఒక్కటి. మీ గుర్తులు ఏ జూమ్‌లో నిజమో మాన్యువల్లో చూడండి, రేంజిలో కాల్చి తేల్చుకోండి. వేటలో ఆ జూమ్‌కి తిప్పే టైము లేదా, ఆ గుర్తులతో కాల్చకండి. ప్రోగ్రాములో తప్పయితే రేపు సరిచేసుకోవచ్చు, వదిలిన తూటాని వెనక్కి పిలవలేం.