సగటు మార్కుల సోషలిజం

సోషలిజం అనే మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఒక కథ చెప్తారు. మీరూ వినే ఉంటారు.

ఒక కాలేజీ. ఒక మాస్టారు. సోషలిజం మంచిదని పిల్లలు ఆయనతో వాదించారట. "సరే, ఇవాళ్టి నుంచి ఈ క్లాసులో సోషలిజమే! అందరి మార్కులూ కలిపి, సగటు తీసి, అందరికీ అదే వేస్తాను" అన్నాడట ఆయన. మొదటి పరీక్షలో బాగా చదివినవాళ్ళు ఏడ్చారు, చదవనివాళ్ళు సంబరపడ్డారు. రెండో పరీక్షకి చదివేవాళ్ళు కూడా పుస్తకాలు మూసేశారు. మూడో పరీక్షకి క్లాసు క్లాసంతా తప్పింది. "చూశారా, సోషలిజం అంటే ఇదే!" అన్నాడట మాస్టారు.

ఈ కథ పెళ్ళి పందిట్లో చెప్తారు, రైలు పెట్టెలో చెప్తారు, ఫోన్లలో పంపుకుంటారు. విన్నవాళ్ళంతా తలలూపుతారు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు! ఆ మాస్టారెవరు, ఆ కాలేజీ ఏ ఊళ్ళో ఉంది అని ఎవ్వరూ అడగరు. పోనీండి, కథల్లో కాలేజీకి ఊరెందుకు? నేను అడిగేది అది కాదు. సోషలిజం అంటే మార్కులు సగటు చెయ్యటమని ఆ మాస్టారికి ఎవరు చెప్పారు?

మార్క్స్ చెప్పలేదు. చెప్పకపోవటమే కాదు, అలా చెప్పినవాళ్ళని చీల్చి చెండాడాడు. 1875లో జర్మనీ కార్మిక పార్టీవాళ్ళు తమ కార్యక్రమం రాసుకుంటూ, శ్రమ ఫలితం ఏమీ తరగకుండా అందరికీ సమాన హక్కుతో చెందాలని ఒక తియ్యటి వాక్యం పెట్టుకున్నారు. దాని మీద ఆయన రాసినదే 'గోథా కార్యక్రమం మీద విమర్శ'. ఆయన లెక్క ఇది: కొత్త సమాజంలో, పాతబడ్డ యంత్రాల బదులు కొత్తవి కొనటానికి, బళ్ళకి, ఆస్పత్రులకి, పని చెయ్యలేనివాళ్ళకి కావలసినది ముందు తీసి పక్కన పెట్టాలి. మిగిలినదాంట్లో ఎవరు ఎంత పని చేస్తే వాళ్ళకి అంత. ఎవరి అవసరానికి తగినంత వాళ్ళకి అన్నది ఆ తర్వాత, సమాజం బాగా ఎదిగాక వచ్చే దశ. మరి ఇందులో సగటు మార్కులు ఎక్కడున్నాయి?

ఆ కథని నేను సరిచేసి చెప్తాను, వినండి.

క్లాసులో నలభై మంది పిల్లలు. నలభై మందీ కష్టపడి చదివి పరీక్ష రాస్తారు. క్లాసులో ఒక మూల కుర్చీ వేసుకుని ఇంకొకాయన కూర్చుంటాడు. ఆయన పుస్తకం తెరవడు, పరీక్ష రాయడు. కానీ బెంచీలు ఆయనవి. కాగితం ఆయనది, కలం ఆయనది. అంచేత, ప్రతి పిల్ల మార్కుల్లోనూ సగం తీసి ఆయన పేర రాస్తారు. తలా ఇరవై అయిదు చొప్పున వేసుకున్నా, ఆయనకి వెయ్యి మార్కులు! బంగారు పతకం ఆయనకే. ఎనభై తెచ్చుకున్న పిల్ల చేతిలో నలభై. "పాసయ్యావు కదమ్మా, ఇంకేం కావాలి? నా బెంచీలే లేకపోతే నువ్వెక్కడ కూర్చునేదానివి?" అంటాడాయన. అప్పుడు ఆ పిల్ల లేచి, "మా మార్కులు మాకే వెయ్యండి" అంటుంది.

సోషలిజం మొదలయ్యేది ఆ పిల్ల నోట్లో.

కష్టపడినవాడి మార్కులు కష్టపడనివాడికి పోతున్నాయనే కదా మాస్టారి కోపం! న్యాయమైన కోపమే. సోషలిజం కోపం కూడా అదే. ఎటొచ్చీ, మాస్టారికి వెనక బెంచీ కుర్రాడు కనపడ్డాడు గానీ మూల కుర్చీలో ఆయన కనపడలేదు.

"బెంచీలు ఆయన డబ్బు పెట్టి కొన్నాడు కదా? నష్టం వస్తే భరించేది ఆయనే కదా? క్లాసు నడిపే తెలివి ఆయనదే కదా?" అంటారు. నడిపితే, అది పనే. ఆ పనికి జీతం తీసుకోమనండి, ఎవరూ కాదనరు. ఇక బెంచీలంటారా? మొదటి బెంచీ సంగతి ఎలా ఉన్నా, ఈ ఏటి బెంచీలు ఏ డబ్బుతో వచ్చాయి? పోయినేటి పిల్లల మార్కులతో! పోయినేటి మార్కులే ఈ ఏటికి బెంచీలై, ఈ ఏటి పిల్లల మార్కులు అడుగుతున్నాయి. నష్టం వచ్చిన ఏడు ఆయన ఒక కారు అమ్ముకుంటాడేమో. పిల్లల్ని మాత్రం బడి నుంచే పంపించేస్తాడు.

మా బంధువుల్లో ఒకావిడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. మొన్న నాకు ఈ సగటు మార్కుల కథ చెప్పి పడీ పడీ నవ్వింది. నెలాఖరున ఆవిడ సంతకం పెట్టే కాగితం మీద ఒక అంకె ఉంటుంది, చేతిలోకి వచ్చేది ఇంకో అంకె. ఎండాకాలం సెలవుల్లో ఆ అంకె కూడా ఉండదు. అడిగితే, "బయట ఇంకో పది మంది నిలబడి ఉన్నారు, చూశారా?" అని కిటికీ చూపిస్తారట. నాకు దిగులేసింది కథ విని కాదు, ఆవిడ నవ్వు చూసి. తన మార్కులు ఎవరు తీసుకుపోతున్నారో తెలియకుండా చెయ్యటానికే అల్లిన కథని, ఆవిడే నలుగురికీ పంచిపెడుతోంది! మాటకి అర్థం చెడితే పోయేది నిఘంటువులో ఒక పుట కాదు. అడగవలసినవాళ్ళ నోట్లో అడగవలసిన ప్రశ్నే లేకుండా పోతుంది.

రెండో భయం ఆడవాళ్ళది. "సోషలిజం వస్తే నా నగలు, నా చీరలు, నేను కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఊరుమ్మడి చేసేస్తారటగా?" మీ చీరలు ఎవరికీ అక్కర్లేదమ్మా! మీ ఇంట్లో కుట్టుమిషను ఉంది. దాని మీద మీ జాకెట్లు మీరు కుట్టుకుంటారు, నలుగురికి కుట్టి నాలుగు రూపాయలు తెచ్చుకుంటారు. అది మీది. మీదిగానే ఉండాలి. అదే ఒక రేకుల షెడ్డులో నాలుగువందల మిషన్లు, నాలుగువందల మంది ఆడవాళ్ళు, గంటకి ఇన్ని చొక్కాలని లెక్క, నీళ్ళు తాగటానికి లేస్తే కేక! అక్కడ మిషన్లు ఎవరివి? చొక్కా అమ్మిన డబ్బులో కుట్టుకూలి పోను మిగిలింది ఎవరికి? రేపట్నుంచి ఏం కుట్టాలో, ఎంతసేపు కుట్టాలో నిర్ణయించేది ఎవరు? సోషలిజం అడిగేవి ఈ మూడు ప్రశ్నలే. ఒకరు వాడుకునే వస్తువు గురించి కాదు. వందలమందిని పనిలో పెట్టే సాధనం గురించి.

మూడో పొరపాటు చదువుకున్నవాళ్ళది. గవర్నమెంటు నడిపేదల్లా సోషలిజం అంటారు. బస్సు ఆలస్యమైతే, "సోషలిజం కదా, ఇలాగే ఏడుస్తుంది!" పోస్టాఫీసులో క్యూ కదలకపోతే సోషలిజం!

అయితే నిజాం నవాబుగారు మహా సోషలిస్టు అన్నమాట! 1930లో ఆయన ప్రభుత్వం రైల్వేని ఇంగ్లీషు కంపెనీ నుంచి కొని తన చేతిలోకి తీసుకుంది. 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్కారు బస్సులు మొదలుపెట్టింది. అదే సంస్థానంలో, అవే రోజుల్లో, పల్లెల్లో వెట్టిచాకిరీ. దొర గడీకి కట్టెలు ఊరికే మొయ్యాలి, దొరసాని పల్లకీ ఊరికే మొయ్యాలి. పుట్టిన బిడ్డకి పాలివ్వటానికి కూడా పొలం గట్టెక్కే దిక్కులేదు. బస్సు సర్కారుది, బతుకు దొరది! 1946లో ఆ జనం తిరగబడింది బస్సుల కోసమా?

సరిగ్గా ఇలాంటి వెర్రినే ఎంగెల్స్ ఆనాడే వెక్కిరించాడు. పొగాకు వ్యాపారాన్ని ప్రభుత్వం తీసుకోవటం సోషలిజమే అయితే, నెపోలియన్‌ని కూడా సోషలిజం స్థాపకుల్లో చేర్చాలన్నాడు. మనవాళ్ళు అది చదవలేదు. 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు. మంచిదే, పల్లెకి బ్యాంకు వచ్చింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగం పీఠికలో 'సామ్యవాద' అన్న మాట చేర్చారు. 1989 నుంచి ఏ పార్టీ రిజిస్టరు కావాలన్నా సోషలిజం సూత్రాలకి విధేయత రాసి ఇవ్వాలి! కాబట్టి, సోషలిజం పేరు చెప్తే ఒంటికి కారం రాసుకున్నట్టు గంతులేసే పార్టీలు కూడా రాసే ఇచ్చాయి. పీఠికలోంచి ఆ మాట తీసెయ్యమని వేసిన పిటిషన్లని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మాట ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

నాలుగోది దానధర్మాల సోషలిజం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. దాన్ని వెక్కిరించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కానీ అది సోషలిజం కాదు. వరి నాటిన చేతులే, కోసిన చేతులే, బియ్యం కోసం సంచీ పట్టుకుని ఎందుకు నిలబడవలసి వచ్చింది? ఆ ప్రశ్న అడిగితే సోషలిజం. సంచీలో బియ్యం పోసి, ప్రశ్న అడగవద్దంటే అది వేరే. జర్మనీలో బిస్మార్క్ ఇదే చేశాడు. 1878లో సోషలిస్టుల సభల్ని, పత్రికల్ని నిషేధించాడు. 1883లో కార్మికులకి జబ్బు చేస్తే భీమా ఇచ్చాడు. ఒక చేత్తో గొంతు నొక్కి, ఇంకో చేత్తో మందు పోశాడు! మందు మంచిదే. గొంతు మాటేమిటి? పైగా ఇచ్చిన ప్రతివాడూ తన జేబులోంచి తీసినట్టు ఫొటో వేయించుకుంటాడు. అత్తసొమ్ము అల్లుడు దానం!

ఇక అయిదోది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. "మన ఉమ్మడి కుటుంబమే అసలు సిసలు సోషలిజం!" అంటారు పెద్దలు. అందరూ ఒక చోట సంపాదించటం, ఒక కుండలో వండుకోవటం, ఎంత చక్కటి సమసమాజం అని!

ఆ కుండ కింద మంట పెట్టినవాళ్ళని అడగండి. తెల్లారగట్ల లేచి కళ్ళాపి చల్లిన దగ్గర నుంచి రాత్రి గిన్నెలు బోర్లించేదాకా చేసిన చాకిరీకి లెక్క ఏ పద్దులో రాశారు? బీరువా తాళాలు ఎవరి మొలలో ఉండేవి? పొలం అమ్మేటప్పుడు చిన్నకోడలిని అడిగారా? ఇంటి ఆడపిల్లకి ఆ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఉందని ఆంధ్రప్రదేశ్‌లో చట్టం ఒప్పుకున్నది 1985లో! అన్నం అందరూ తినటం సమసమాజం కాదు. ఆ అన్నం గురించి నిర్ణయంలో అందరికీ మాట ఉండటం సమసమాజం.

"మరి రష్యా?" అంటారు. తప్పకుండా అడగాలి. మన మూడు ప్రశ్నలే అక్కడా అడుగుదాం. 1917 విప్లవం తర్వాత ఫ్యాక్టరీ యజమాని పోయాడు. ఆడవాళ్ళకి చదువొచ్చింది, ఉద్యోగాలొచ్చాయి, పసిపిల్లలకి శిశుశాలలొచ్చాయి. అవి చిన్న సంగతులు కావు. కానీ, మిగులుతో గిన్నెలు చెయ్యాలా, ట్యాంకులు చెయ్యాలా అని మరమగ్గం ముందు నిలబడ్డ ఆడమనిషిని ఎవరడిగారు? యజమాని కుర్చీలో పార్టీ అధికారి కూర్చున్నాడు. 1932-33లో ఉక్రెయిన్‌లో లక్షలాది జనం ఆకలితో చచ్చిపోయారు. చచ్చిపోయింది గోధుమలు పండించినవాళ్ళే! తాము పండించిన గింజ మీద తమకి మాట లేదు కాబట్టే చచ్చిపోయారు. 1991లో ఆ దేశం కూలిపోయిన రోజున, "ఇది మాది" అని అడ్డం నిలబడటానికి కార్మికులు ఎందుకు రాలేదంటే, అది వాళ్ళది కాదు గనక. ఎర్రజెండా ఎగిరినంత మాత్రాన మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పినట్టు కాదు.

"ఇవన్నీ జరిగేవా?" అని పెదవి విరవకండి. హనుమకొండ జిల్లా ముల్కనూరులో ఆడవాళ్ళ పాల డెయిరీ ఉంది. గేదెలు మేపేది ఆడవాళ్ళు, పాలు పోసేది ఆడవాళ్ళు, డెయిరీకి సొంతదార్లు ఆడవాళ్ళు, పాలకవర్గం ఆడవాళ్ళు. పాలకి తగ్గ డబ్బు, ఏడాది చివర మిగిలినదాంట్లో పోసిన పాలని బట్టి బోనసు. అక్కడెవరూ సగటు తీసి పంచటం లేదు. ఎక్కువ పోసినావిడకి ఎక్కువ, తక్కువ పోసినావిడకి తక్కువ. అయినా ఎవ్వరూ పాలు పితకటం మానెయ్యలేదు! ఒక్క డెయిరీ ఉన్నంత మాత్రాన సోషలిజం వచ్చేసిందని నేననను. చుట్టూ సంత అలాగే ఉంది. కానీ, మూల కుర్చీ లేకుండా కూడా క్లాసు నడుస్తుందని అది చూపిస్తోంది.

ఇంత చెప్పి మిమ్మల్నందర్నీ సోషలిస్టులు కమ్మని నేను అడగటం లేదు. ఇష్టం లేకపోతే వ్యతిరేకించండి. మిషన్లు ఒకరివి గానే ఉండాలి, మిగులు ఒకరికే పోవాలి, నిర్ణయం ఒకరే చెయ్యాలి, అదే లోకానికి మంచిది అని నమ్మితే, ఆ మాటే బాహాటంగా చెప్పండి, వాదిద్దాం. అంతేగానీ, గడ్డిబొమ్మని చేసి, దానికి సోషలిజం అని పేరు పెట్టి, తగలబెట్టి చప్పట్లు కొట్టకండి.

ఈసారి ఎవరైనా మీకు ఆ మాస్టారి కథ చెప్తే మాత్రం ఒక్క మాట అడగండి: "అంతా బాగానే ఉందండీ, ఆ క్లాసులో బెంచీలు ఎవరివి?"