నీటి మీద నీటి మూత

ఏప్రిల్ 15న ఆగిన వేట జూన్ 14తో నిషేధం గడువు తీరి మళ్లీ మొదలవుతుంది. ఐసు, డీజిలు, బియ్యం నింపుకొని మచిలీపట్నం గిలకలదిండి నుంచి బోట్లు బయలుదేరతాయి. తీరం దగ్గర చేప తగ్గిన కొద్దీ ఇంకా లోపలికి పోవాలి. దగ్గర లేకపోతేనేం, లోతున ఉంటుందని మనకో ధీమా. ఆ లోతు పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఆలోచించాలి.

చేపకు మేత పుట్టాలంటే ఎండా కావాలి, ఎరువూ కావాలి. ఎండ పైనే ఉంటుంది. చచ్చి రాలినదంతా కుళ్లి ఎరువయ్యేది అడుగున. గాలి నీటిని చిలికితేనే రెండూ కలుస్తాయి. బంగాళాఖాతంలో ఆ చిలకడం కష్టం. గంగ మొదలు కృష్ణ దాకా నదులు తెచ్చిన మంచినీరు, వాన నీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటాయి. అరేబియా సముద్రం కంటే ఇక్కడ మేత తక్కువ కావడానికి అదొక ముఖ్య కారణం. పైనీరు వేడెక్కే కొద్దీ ఆ మూత మరింత బిగుసుకుంటుంది.

మూత కింద ప్రాణవాయువు బాగా తగ్గిపోయిన పొర వందల మీటర్ల మందాన ఉంది. జోరుగా ఈదే తూర (ట్యూనా) చేప అందులో ఎక్కువసేపు నిలవలేదు. పైపొరలోనే సర్దుకుంటుంది, అక్కడే తేలిగ్గా గాలానికి చిక్కుతుంది. ఇంకా లోతున బతికేవాటిలో చాలా చేపలు నెమ్మదిగా పెరిగి, ఆలస్యంగా గుడ్లు పెడతాయి. ఒకసారి ఊడ్చేస్తే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

తుఫాను ఆ మూతను చెదరగొట్టి అడుగు ఎరువును పైకి తెస్తుంది. కానీ 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు ఆ మేలు చెప్పి ఊరట కలిగించలేం.

వరద వచ్చినప్పుడల్లా కృష్ణ నీళ్లు సముద్రం పాలయ్యాయని బాధపడతాం. చేను ఎండిన రైతు బాధ నిజమే. నడి సముద్రంలో మూతయ్యే ఆ నీరే నాగాయలంక, హంసలదీవి మడ అడవుల్లో ఒండ్రు తెచ్చి పీతకు, రొయ్య పిల్లకు అన్నం పెడుతుందన్నదీ నిజమే.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన నీటి వేడిని, పచ్చదనాన్ని బట్టి చేపలుండే చోటు చెబుతోంది. రెండు వేల మీటర్ల లోతుకు మునిగి తేలే ఆర్గో పరికరాలు అడుగు కబురు తెస్తున్నాయి. ఆ కబురు ఎక్కడ వల వేయాలో చెప్పడానికే కాదు, ఎక్కడ వేయకూడదో చెప్పడానికీ అక్కరకు రావాలి.

గుడివాడ బజారులో చెరువు చేప రోజూ దొరుకుతుంది కాబట్టి సముద్రం వట్టిపోతున్నా మన కంచానికి తెలియదు. గిలకలదిండికి మాత్రం తెలుస్తుంది. లోతును తరగని గాదె అనుకోవడం మనం ముందు మానుకోవాలి.