వేగానికి కొలమానం

బాల క్రీడాకారుల పురోగతిని కొలవడం అవసరమే; ఆ కొలత న్యాయంగా ఉండటం అంతకన్నా అవసరం. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించారు. వెనుకగాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు, నియమం అనుమతించేది 2.0 మాత్రమే. అందువల్ల అది జాతీయ రికార్డుగా గణనకు రాలేదు. మరుసటి నెలలో సైప్రస్‌లో 13.23 సెకన్లతో ఆమె ఆ రికార్డును సాధించారు.

ఇంతటి జాగ్రత్త పాఠశాల మైదానాలలో అరుదు. ఒకనాడు మట్టిపై, మరొకనాడు గడ్డిపై పరుగెత్తించి స్టాప్‌వాచి అంకెలను పోల్చడం నిరర్థకం. వేగానికి 30 మీటర్ల పరుగు పెట్టినా, చురుకుదనానికి 4×10 మీటర్ల షటిల్ పరుగు పెట్టినా నేల, పాదరక్షలు, వేళ, విశ్రాంతి ప్రతిసారీ ఒకే విధంగా ఉండాలి. చేతితో నొక్కే గడియారం చూపే పదోవంతు సెకను తేడాను పురోగతిగా భ్రమించరాదు.

పదమూడేళ్ల పిల్లలలో కొందరు ముందుగా, కొందరు ఆలస్యంగా ఎదుగుతారు. త్వరత్వరగా ఎత్తు పెరిగే దశలో కొందరికి అవయవాలపై అదుపు తాత్కాలికంగా తగ్గుతుంది కూడా. ఆనాటి ఒక్క పరీక్షతో వారిని జట్టునుండి తొలగించడం, మొలక రాకముందే పొలాన్ని తిరిగి దున్నివేయడం వంటిది. పిల్లల నేటి పరుగును తోటివారి పరుగుతో కాక, తమ నిన్నటి పరుగుతో పోల్చి చూడటమే న్యాయమైన కొలత.