జమ్మియాకు నేర్పు పాఠము

విజయదశమినాటి సాయంకాలము కరీంనగరు, ఆదిలాబాదు సీమలలోని ఏ పల్లెకు పోయినను ఒక్కటే దృశ్యము కానవచ్చును. ఊరివారు కొత్తబట్టలు కట్టి పొలిమేరలోని జమ్మిచెట్టు చెంతకు పోవుదురు. పాలపిట్ట కనబడినదని పిల్లలు సంబరపడుదురు. పూజ ముగిసినపిదప గుప్పెడేసి జమ్మియాకు తెచ్చి, పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మ్రొక్కుదురు. ఈడువారు ఒకరినొకరు హత్తుకొని అలాయ్ బలాయ్ తీసికొందురు. ఆ పూట ఆ ఆకునకు బంగారమని పేరు. గట్టు తగాదా వలననో, పెండ్లిపందిరిలో జారిన ఒక మాట వలననో ఏడాదిగా ముఖము చూచుకొనని ఇద్దరు ఆ దారిలో ఎదురుపడిరనుకొందము. చేతిలోని ఆకు వారిని ఊరకుండనీయదు. చేయి చాపక తప్పదు; చాపిన చేతిని పట్టక తప్పదు. 2016వ సంవత్సరపు విజయదశమినాడు, అక్టోబరు 11న, ఈ రెండు పాత జిల్లాలను పలు కొత్త జిల్లాలుగా విభజించిరి. పటములోని గీతలు మారినవి గాని జమ్మి పంచుకొను ఆచారము మాత్రము మారలేదు.

ఈ ఆచారమున ఒక మర్మమున్నది. పగ విడువుడని మన పెద్దలు ఉపన్యాసమీయలేదు. పగ పట్టిన చేతికి వేరొక పని కల్పించిరి. మనస్సు మారిన తరువాత చేయి చాపుమనలేదు. చేయి చాపినచో మనస్సు దాని వెంట వచ్చునని నమ్మిరి. 1884లో అమెరికా దేశపు మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఇట్టి ఆలోచననే శాస్త్రరూపమున ప్రతిపాదించెను. శరీరమున కలుగు మార్పును అనుసరించియే భావము కలుగునని ఆయన వాదము. ఆ వాదమును ఉన్నదున్నట్లు అందరును అంగీకరింపలేదు గాని, చేయు పనిని బట్టి మనస్సు కొంత మారునన్న మాటను నేటి విద్వాంసులును కాదనరు. ఏ గ్రంథమును చదువని మన పల్లెవాడు దీనిని గుప్పెడాకుతో సాధించుచున్నాడు.

అయితే ఇది ఏడాదికొక సాయంకాలపు మాట. తక్కిన దినముల మాట యేమి? విద్యాహక్కు చట్టము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఏటికి 220 పనిదినములను విధించినది. ఆ 220 దినములును నాలుగు గోడల నడుమ ఒక ఉపాధ్యాయుడును, పదులకొలది పిల్లలును కూడియుందురు. అచ్చట మన చేతిలో నున్నదేమి?

ఉపాధ్యాయునకు కోపము వచ్చును. బల్లపై చరచుట, గద్దించుట, పదిమందిలో పేరుపెట్టి ఎగతాళి చేయుట, జవాబులోని తప్పును బిగ్గరగా చదివి తక్కినవారిని నవ్వించుట, ఇవి మనకు అలవడిన ప్రతిక్రియలు. పిల్లవానికి భయమో సిగ్గో కలుగును. తల వంచుకొనుట, నోరు మూసికొనుట, మార్కుల కాగితమును దాచుట, మరునాడు బడి ఎగగొట్టుట, ఇవి వానికి అలవడిన ప్రతిక్రియలు. వాని మౌనము మన కోపమును పెంచును; మన కోపము వాని మౌనమును పెంచును. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో పిల్లలను కొట్టుటనేగాక మానసికముగా వేధించుటను సైతము నిషేధించినది. చట్టము బెత్తమును లాగికొన్నది. ఖాళీయైన ఆ చేతిలో ఏమి పెట్టవలెనో మాత్రము మనమే వెదకుకొనవలసియున్నది. వెదకని చోట బెత్తము స్థానమున నాలుక వచ్చి కూర్చుండినది.

తెలుగు పాఠము చెప్పువారికి ఇచ్చట అలంకారశాస్త్రము అక్కరకు వచ్చును. భరతుడు 8 స్థాయిభావములను, 33 సంచారిభావములను లెక్కించెను. సంచారి వచ్చిపోవునది, స్థాయి నిలిచియుండునది. భావమునకు కారణమైనది విభావము. భావము కలిగినపుడు కనులలో, కంఠమున, చేతులలో వెలువడునది అనుభావము. ఈ విభాగమును పరీక్షకొరకు వల్లించి మరచిపోవుచున్నాము గాని ఇందు ఒక జీవితసత్యమున్నది. విభావము మన చేతిలో లేదు. వెనుక బెంచీలో ఎవడో నవ్వును. కోపము మొలకెత్తుటయు మన చేతిలో లేదు. మన చేతిలోనున్నది అనుభావమొక్కటే. ఒకే భావమునకు ఒకే అనుభావమును దినదినమును జోడించుచు పోయినచో వచ్చిపోవలసిన అతిథి ఇంటి యజమానియగును. సంచారి స్థాయి యగును. రంగస్థలముపై భీమునకు క్రోధము స్థాయి కావలసినదే, కానిచో రౌద్రరసము పండదు. తరగతిగదిలో అది సంచారిగానే ఉండవలెను.

ఈ సంగతిని ఆదిపర్వమున పరీక్షిత్తు కథకంటె చక్కగా చెప్పు కథ లేదు. రాజు వేటలో దెబ్బతిన్న మృగమును తరుముచు అడవిలో అలసినాడు. ఆకలియు దప్పియు పీడించుచున్నవి. శమీకమహర్షిని చూచి మృగము ఎటు పోయినదని అడిగెను. మహర్షి మౌనవ్రతమున నుండుటచే బదులు పలుకలేదు. ఆ మౌనమును రాజు అవమానముగా చదువుకొనెను. వింటికొనతో చచ్చిన పామును ఎత్తి మహర్షి మెడలో వేసెను. ఈ వార్తను కృశుడు ఎత్తిపొడుపుగా చెప్పగా మహర్షి కుమారుడు శృంగి మండిపడి, ఏడు దినములలో తక్షకునిచే మరణింతువని రాజును శపించెను. ఆ విషము అచ్చటితో ఆగలేదు. పరీక్షిత్తు మరణమునకు ప్రతీకారముగా జనమేజయుడు సర్పయాగము చేసెను.

ఒక్క సంఘటన, ముగ్గురు మనుష్యులు. రాజునకు ఆకలిలో కోపము వచ్చినది, చేతికి అందినది తీసి విసరినాడు. శృంగికి అవమానములో కోపము వచ్చినది, నోటికి అందినది విసరినాడు. మెడలో పాము పడినవాడు మాత్రము ఏమి చేసెను? శమీకుడు కుమారుని మందలించి, తన శిష్యుడగు గౌరముఖుని రాజునొద్దకు పంపి, రానున్న ఆపదను ముందుగా తెలియజేసెను. ఆయనకు బాధ కలుగలేదని కాదు. బాధ కలిగిన వెంటనే చేయవలసిన పని ఆయనకు సిద్ధముగా ఉన్నది. శమి యని జమ్మికి పేరు. శమము, శమీకుడు, శమి, ఈ మూడింటి శబ్దసామ్యము విద్యార్థికి గుర్తుండుటకు చాలును.

పరీక్షిత్తు చేసిన మొదటి తప్పు కోపించుట కాదు, మౌనమును తప్పుగా చదువుట. మన సీమ బడులలో ఈ తప్పు నిత్యము జరుగుచున్నది. ఉట్నూరు, జైనూరు ప్రాంతములలో గోండి, కొలామి ఇంటిభాషలుగా గల పిల్ల తెలుగు ప్రశ్నకు బదులీయక నిలుచుండినచో అది పొగరు కాదు, మాట తోచకపోవుట. గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గుగనులలో రాత్రిపాళీ చేసి వచ్చిన తండ్రి నిద్రకు భంగము కలుగరాదని ఇంటిలో గుసగుసలాడి పెరిగిన బిడ్డ బడిలోను గుసగుసలాడును. జగిత్యాల పల్లెలలో తండ్రి గల్ఫు దేశమునకు పోయి ఏండ్లు గడచిన ఇండ్లున్నవి. ఆ పిల్లవాని పరధ్యానము మన పాఠముపై అలక్ష్యము కాదు.

నా తప్పొకటి ఇచ్చట చెప్పుకొనుట న్యాయము. ముప్పది యేండ్ల క్రిందట, కొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో, ఉదయము మొదటి గంటలో ఒక విద్యార్థిని ప్రశ్న అడిగితిని. లేచినాడు గాని నోరు విప్పలేదు. రెండుమారులు అడిగి, మూడవమారు అతని చదువును, తలిదండ్రుల పెంపకమును కలిపి ఒక మాట అని బయటకు పంపితిని. తరగతి నవ్వినది. గంట కొట్టిన తరువాత అతని మిత్రుడు వచ్చి, “వాళ్ల బాపుకు జరమొచ్చింది సార్. రాత్రంత సాంచె వాడే నడిపిండు” అని చెప్పెను. సాంచె యనగా మరమగ్గము. మరునాడు ఆ పిల్లవానిని పిలిచి ఏమనవలెనో తెలియక, “తిన్నవా బిడ్డా?” అని అడిగితిని. నిన్న మూడుమారులు అడిగినను పలుకనివాడు ఆ ప్రశ్నకు వెంటనే “లేదు సార్” అనెను. నాటినుండి, పలుకని విద్యార్థి ఎదుట నిలిచినపుడు గద్దింపునకు మారుగా ఆ ప్రశ్ననే ముందు అడుగుట అలవాటు చేసికొనుచున్నాను. ఎల్లప్పుడును నిలుపుకొంటినని చెప్పుకొనజాలను. తప్పిన దినమున మరల మొదలిడుచున్నాను.

అలవాటును ఊరక మానుట కష్టము, మార్చుకొనుట సులువు. యోగసూత్రములలో పతంజలి ప్రతిపక్షభావన యని చెప్పినది ఇట్టిదే. చెడు తలపు పీడించినపుడు దానితో కుస్తీ పట్టక, దానికెదురైన తలపును తెచ్చి నిలుపవలెను. బడిలో దీనిని చేతిపనిగా మార్చుకొనవచ్చును. కోపము వచ్చినపుడు పిల్లలవైపు వీపు త్రిప్పి నల్లబల్ల తుడువుడు. ఆ అరనిమిషములో కంఠము దిగివచ్చును. పదిమందిలో అనదలచిన మాటను గంట కొట్టిన తరువాత ఒంటరిగా చెప్పుడు. అప్పటికి సగము మాట అవసరముండదు. పరీక్షిత్తు ఆకలిని గుర్తుంచుకొని, ఖాళీ కడుపుతో జవాబుపత్రములు దిద్దకుడు. “ఏమిరా, మూగవాడవా?” అను చోట “ఏది తెలియలేదు?” అని అడుగుడు.

విద్యార్థులకును ఒక మాట. భయమువలన కలుగు మౌనమునకు మారుగా ఒక్క వాక్యమును పెదవులపై సిద్ధముగా ఉంచుకొనుడు: “నాకు అర్థం కాలేదు సార్.” పాఠమువలె దానిని ఇంటిలో నాలుగుమారులు పలికి రండు. తక్కువ మార్కులు వచ్చిన కాగితమును దాచుటకు మారుగా ఆ దినముననే ఒక్కరికి చూపుడు. అమ్మకో, అక్కకో, నమ్మిన పంతులుకో, ఎవరికైనను సరియే. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత తెలంగాణలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఇట్టి దుఃఖమునకు కారణము ఒక్కటే యని చెప్పరాదు. కాని తప్పినవారి పత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరన్న సంగతిని ప్రతి విద్యార్థియు, ప్రతి తండ్రియు గుర్తుంచుకొనవలెను. కాగితముపై అంకె తుదితీర్పు కాదు. అది సరియైన అంకెయే యైనను కాదు. చెప్పుకొనుటకు ఇంటిలో ఎవ్వరును లేరనిపించిన రాత్రి 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. తెలుగులోనే ఉచితముగా మాటలాడుదురు.

కోపమునంతటిని చంపుకొమ్మనుచున్నారా యని యువకులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. జల్, జంగల్, జమీన్ కొరకు పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీం కోపము లేనివాడు కాడు. ఆ పోరాటము తరువాతనే నిజాం ప్రభుత్వము గోండుల కష్టములను విచారింప హైమన్‌డార్ఫ్ అను పరిశోధకుని పంపినది. ఆయన అడవిలో వారి నడుమ నివసించి, వారి మాట విని, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పాటు చేయించి, గోండి వాచకములు తయారు చేయించెను. అన్యాయముపై కోపము అవసరము. ఆ కోపమును వినుట పాలకులకు మరింత అవసరము. అయితే పాండవులు విరాటనగరము ప్రవేశించునపుడు తమ ఆయుధములను ఎచ్చట పెట్టిరో తలచుకొనుడు. విరిచి పారవేయలేదు, వెంట తీసికొనిపోలేదు. జమ్మిచెట్టుపై దాచిరి. సమయము వచ్చినపుడు దింపుకొనిరి. గాండీవము కౌరవసేనకు ఎదురుగా ఎక్కుపెట్టవలసినది. ఆరవ తరగతి పిల్లవానిపై కాదు.

రానున్న దసరానాడు జమ్మియాకు పంచుకొనునపుడు ఉపాధ్యాయులు ఒక్క ఆకును మిగుల్చుకొని హాజరుపట్టీలో పెట్టుకొందురు గాక. విద్యార్థులు ఒక ఆకును తమకు మిక్కిలి భయము గొలుపు పాఠ్యపుస్తకములో పెట్టుకొందురు గాక. పట్టీ తెరచి పేర్లు పిలుచు ప్రతి ఉదయమును అది కంటబడును. అపుడు పేరు పిలిచినను పలుకని పిల్లవాని వైపు తల ఎత్తి, హాజరు వేయుటకు ముందు, తిన్నవా బిడ్డా యని అడుగవచ్చును.